రాత్రి రాత్రిలాగే కనపడాలి: హెచ్‌డీఆర్, సింగిల్ షాట్ రెండూ ఒకే చోట తీసి పోల్చడం ఎలా

కొన్నేళ్ల క్రితం నెల్లూరు చెరువు గట్టు మీద నుంచి రాత్రి పూట తీసిన ఒక ఫోటోను పెద్ద సైజులో ప్రింటు వేయించి ఇంటికి తెచ్చాను. మూడు ఎక్స్‌పోజర్లు, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగు మోతాదుల్లో తీసిన మూడు షాట్లు, కలిపి చేసిన హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) ఫోటో అది. అవతల ప్రతి మేడా, ప్రతి కిటికీ, చివరికి నీళ్ల అంచున ఉన్న గడ్డి కూడా విడివిడిగా కనపడుతోంది. రెండు రాత్రుళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని చేశాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది పొద్దున తీసిందా, రాత్రి తీసిందా?" అని అడిగారు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలియక అడిగారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఒకే చోట, ఒకే పది నిమిషాల్లో రెండు రకాలుగానూ తీసి, ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. అలా చూడగా చూడగా నాకు అర్థమైంది ఇదీ: రాత్రి ఫోటోలో హెచ్‌డీఆర్ చేయాల్సిన పని చీకటిని తరిమేయడం కాదు, వెలుగును కాపాడటం. ఈ తేడా పట్టుబడితే ఎప్పుడు హెచ్‌డీఆర్ కావాలో, ఎప్పుడు ఒక్క షాటే చాలో మీకే తెలిసిపోతుంది. మీరు కూడా ఒక సాయంత్రం కేటాయించి ఈ పోలిక చేసి చూడండి. ఎలాగో మొదటి నుంచి చెబుతాను.

ముందు కాస్త లెక్క

వెలుగును ఫోటోగ్రాఫర్లు స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, తగ్గితే సగం. ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్‌ని నాలుగు సెకన్లు చేస్తే ఒక స్టాప్ తగ్గినట్టు, రెండు సెకన్లు చేస్తే రెండు స్టాపులు తగ్గినట్టు. ఇప్పటి మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వం, 100 దగ్గర ఉంటే దాదాపు 14 స్టాపుల తేడాను ఒకే షాట్‌లో పట్టగలవు. ఐఎస్ఓ పెంచేకొద్దీ అది తగ్గుతూ పోతుంది, రెట్టింపు చేసిన ప్రతిసారీ సుమారుగా ఒక స్టాప్ పోతుంది. అందుకే రాత్రి పూట ట్రైపాడ్ వేసి ఐఎస్ఓ 100లోనే ఉండమంటారు.

పోలిక మొదలుపెట్టే ముందే ఒక పొరపాటు సరిచేసుకోవాలి. చాలామంది కెమెరా ఇచ్చిన జేపెగ్‌ని ఒకవైపు, గంటసేపు దిద్దిన హెచ్‌డీఆర్‌ని ఇంకోవైపు పెట్టి "చూడండి ఎంత తేడానో" అంటారు. అది న్యాయమైన పోటీ కాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. కెమెరా దిద్దకుండా ఇచ్చే 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. చీకటిలో దాగిన వివరమంతా ఆ మెట్లలోనే ఉంటుంది. కాబట్టి సింగిల్ షాట్ అంటే ఇక్కడ సింగిల్ రా షాట్ అని అర్థం. కెమెరాలో రా ఆన్ చేసుకోండి. మిగతా మాటలన్నీ దాని తర్వాతే.

ఇంకో మాట. టీవీల మీద, ఫోన్ స్క్రీన్ల మీద రాసి ఉండే హెచ్‌డీఆర్ వేరు. అది స్క్రీన్ ఎంత వెలుగు చూపించగలదు అనే సంగతి. మనం మాట్లాడేది రెండు మూడు ఎక్స్‌పోజర్లు కలిపి ఒక ఫోటో చేయడం గురించి.

ఈ ఆలోచన డిజిటల్ కాలంలో పుట్టింది కూడా కాదు. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకో నెగటివ్ తీసి, రెండిటినీ కలిపి ఒకే ప్రింటు వేసేవాడు. అప్పటి ప్లేట్ల మీద సముద్రం సరిగా వచ్చేలా తీస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. మబ్బుల్ని దక్కించుకోవడానికి ఆయన ఇంత శ్రమపడ్డాడు. గమనించారా, ఆయన బాధ కూడా వెలుగు గురించే.

చోటు చూసుకోండి

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఆకాశాన్ని తాకే భవనాల వరుస దొరకదు. ఆ లోటు నాకెప్పుడూ అనిపించలేదు. మనకున్నవి నీళ్లు, గోపురాలు, కొండలు. వాటికి ఊరి దీపాలు తోడైతే చాలు.

నెల్లూరు చెరువు, అంటే స్వర్ణాల చెరువు, నేను మొదట సిఫారసు చేసే చోటు. బారాషహీద్ దర్గా, ఇరుకళల పరమేశ్వరి గుడి ఉన్న చెరువే. నీళ్లలో దీపాల నీడలు పొడుగ్గా పడతాయి. గాలి లేని రోజు అయితే ఊరు రెండుసార్లు కనపడుతుంది, ఒకసారి పైన, ఒకసారి నీళ్లలో.

రెండోది పెన్నా గట్టు. తల్పగిరి రంగనాథస్వామి గుడి గాలిగోపురం ఏటి వైపు నుంచి చూస్తే ఊరంతటి మీదా అదొక్కటే నిలబడి ఉంటుంది. లైట్లు వేసినప్పుడు చుట్టూ చీకటి, మధ్యలో బంగారంలా గోపురం. హెచ్‌డీఆర్ అవసరం నిజంగా తెలిసేది ఇక్కడే. అయితే పెన్నా వంతెన మీద నిలబడి తీయాలనుకోకండి. లారీ వెళ్లిన ప్రతిసారీ వంతెన అదురుతుంది, ఆ అదురు ట్రైపాడ్ కాళ్లలోంచి కెమెరాకి ఎక్కుతుంది, ఎనిమిది సెకన్ల షాట్ అలికేసినట్టు వస్తుంది. ప్రాణానికీ మంచిది కాదు. గట్టు మీదే ఉండండి, చీకటి పడ్డాక ఇసుకలోకి దిగొద్దు. బ్యారేజీ గేట్లు ఎత్తితే నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు.

మూడోది ఒంగోలు కొండ. ఊరి మధ్యలోనే ఉంది, పైన ప్రసన్న చెన్నకేశవస్వామి గుడి. పై నుంచి చూస్తే కాళ్ల కింద నల్లటి బండలు, వాటి అవతల ఊరు మొత్తం దీపాలు పరిచినట్టు. గుడి ఆవరణలో ట్రైపాడ్ పెట్టాలంటే ముందు అక్కడున్నవాళ్లను అడగండి. అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు, అడగకుండా పెడితే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది.

ఏ చోటైనా సరే, ఒకసారి పగలు వెళ్లి చూసి రండి. ఎక్కడ నిలబడాలి, ఏ తీగ అడ్డొస్తుంది, ఏ వీధి దీపం సరిగ్గా లెన్స్‌లోకి కొడుతుంది అన్నవి చీకట్లో వెతుక్కుంటే అసలు టైం అయిపోతుంది.

ఆ పది నిమిషాలు

ఈ మొత్తం వ్యవహారంలో హెచ్‌డీఆర్ కంటే, కెమెరా కంటే ముఖ్యమైనది ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

పొద్దు గుంకాక వెలుగు ఒక్కసారిగా పోదు, కానీ మన దగ్గర త్వరగానే పోతుంది. నెల్లూరు 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా కిందికి దిగుతాడు. సూర్యాస్తమయం నుంచి సూర్యుడు 6 డిగ్రీలు కిందికి వెళ్లడానికి ఇరవై రెండు, ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో సుమారు మూడు, మూడున్నర నిమిషాలకోసారి ఆకాశం వెలుగు సగానికి సగం పడిపోతూ ఉంటుంది. అదే సమయంలో ఊరి దీపాల వెలుగు మాత్రం మారదు. అంటే ఒకటి దిగుతోంది, ఇంకొకటి నిలకడగా ఉంది. ఈ రెండూ ఒకచోట కలుస్తాయి. ఆకాశం ముదురు నీలంగా ఉండి, మేడల మీద దీపాల వెలుగుతో సమానంగా తూగే ఆ కొద్ది నిమిషాల్లో ఒక్క షాట్‌లోనే రెండూ పడతాయి. హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌తో మనం తర్వాత కష్టపడి చేసే పనిని అప్పుడు ఆకాశమే చేసిపెడుతుంది.

డిసెంబరులో నెల్లూరులో పొద్దు ఐదు నలభై ప్రాంతంలో గుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటాక. డిసెంబరు అయితే ఐదుంపావుకల్లా గట్టు మీద ఉండండి. అసలు పని ఐదు యాభై ఐదు నుంచి ఆరుంపావు లోపు. మీరు చూస్తున్నది తూర్పు వైపైతే ఆకాశం ముందే నల్లబడుతుంది కాబట్టి ఐదు నిమిషాలు ముందు మొదలుపెట్టండి. పడమరైతే ఎర్రటి వెలుగు ఇంకొంతసేపు అంటిపెట్టుకుని ఉంటుంది, ఆగాలి.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వాన పడి వెలిసిన సాయంత్రం వదులుకోకండి. గాలిలో దుమ్మంతా కొట్టుకుపోయి దూరపు దీపం కూడా సూదిమొనలా కనపడుతుంది. నా దగ్గరున్న మంచి ఫోటోలు ఎక్కువగా అలాంటి రోజులవే.

కెమెరా సిద్ధం చేయడం

ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకండి, అది లేస్తే కెమెరా ఊగుతుంది. సాయంత్రం గట్టు మీద సముద్రం వైపు నుంచి గాలి తగులుతూ ఉంటుంది. బ్యాగు ట్రైపాడ్‌కి వేలాడదీసి, అది నేలకు కొంచెం ఆనేలా చూడండి. కెమెరా బెల్టు గాలికి కొట్టుకోకుండా చుట్టేయండి. లెన్స్‌లో గానీ బాడీలో గానీ స్టెబిలైజేషన్ ఉంటే ఆపేయండి.

మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 100, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే లెన్స్ రంధ్రం) ఎఫ్ 8. దీపాల చుట్టూ నక్షత్రంలా కిరణాలు రావాలంటే ఎఫ్ 11కి వెళ్లండి. అపర్చర్ రెక్కలు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి సంఖ్యలో ఉంటే దానికి రెట్టింపు వస్తాయి. వైట్ బ్యాలెన్స్ (ఫోటో రంగుల ఛాయను సర్దే సెట్టింగు) ఆటోలో వదలకండి, 4000 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఆటోలో ఉంటే ఒక్కో షాట్‌కి ఒక్కో రంగు పట్టి, కలిపేటప్పుడు తికమక అవుతుంది.

ఫోకస్ ఒకసారి ఆటోలో పట్టించి మాన్యువల్‌లోకి మార్చండి. లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి, అవతలి గట్టు మీద ఒక దీపాన్ని చూస్తూ, అది ఎంత చిన్న చుక్క అవుతుందో అంత చిన్నది అయ్యేదాకా రింగు మెల్లగా తిప్పండి. ఆ తర్వాత రింగు ముట్టుకోకండి. షట్టర్ నొక్కడానికి రిమోట్ లేకపోతే రెండు సెకన్ల టైమర్ చాలు.

నాయిస్‌ని, అంటే ఫోటోలో పడే చుక్కల గరుకుని, తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కెమెరా ఎనిమిది సెకన్లు ఫోటో తీసి, ఇంకో ఎనిమిది సెకన్లు మూసిన షట్టర్‌తో చీకటి ఫ్రేమ్ తీసుకుంటుంది. ఒక్కో నిమిషం విలువైన ఆ టైంలో సగం దానికే పోతుంది, ఆఫ్ చేయండి.

ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి నేరుగా గట్టు మీదికి వస్తే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. కెమెరా బ్యాగు జిప్పు మూసే ఉంచి, పావుగంట బయటి గాలిలో ఉంచాక తెరవండి. ముందుగానే రమ్మన్నది ఇందుకు కూడా.

మొదట సింగిల్ షాట్

ఐదు యాభై నుంచి రెండు నిమిషాలకొకటి చొప్పున తీస్తూ పోండి. మొదట్లో అర సెకను, సెకను సరిపోతుంది. ఆరు దాటేసరికి నాలుగు, ఆ తర్వాత ఎనిమిది సెకన్ల దాకా వెళుతుంది. ఇవి నా చోటు లెక్కలు, మీ దీపాలను బట్టి అటూ ఇటూ అవుతాయి.

ప్రతి షాట్ తర్వాత హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్, చూడండి. కెమెరాలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేస్తే మాడిపోయిన చోట్లు నల్లగా, తెల్లగా మిణుకుతాయి. ఇక్కడ ఒక వివేచన కావాలి. వీధి దీపం బల్బు మిణికితే పట్టించుకోకండి, బల్బు తెల్లగా ఉండటమే సహజం. గోడ మిణికితే, గోపురం మిణికితే, బోర్డు మిణికితే మాత్రం ఎక్స్‌పోజర్ తగ్గించండి. చీకటి భాగాలు మరీ నల్లగా ఉన్నాయని భయపడకండి. ఐఎస్ఓ 100లో తీసిన రా ఫైలులో నీడల్ని రెండు మూడు స్టాపులు పైకి లాగినా తట్టుకుంటుంది. మాడిపోయిన తెలుపును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

తర్వాత బ్రాకెటింగ్

అదే చోట, ట్రైపాడ్ కదపకుండా, ఇప్పుడు హెచ్‌డీఆర్ కోసం ఎక్స్‌పోజర్ మారుస్తూ వరసగా తీయాలి, దీన్నే బ్రాకెటింగ్ అంటారు. మామూలుగా చెప్పే పద్ధతి ఒకటి సరైన ఎక్స్‌పోజర్, ఒకటి రెండు స్టాపులు తక్కువ, ఒకటి రెండు స్టాపులు ఎక్కువ. పగటి పూట అది బాగానే ఉంటుంది. రాత్రికి నేను అలా చేయను. ఎక్కువ వైపు తీసిన ఫ్రేమ్‌ రాత్రి పూట చేసేది ఒకటే, చీకటిని బూడిద రంగులోకి మార్చడం. నాన్నకు పగలో రాత్రో తెలియని ఆ ఫోటోలో జరిగింది అదే.

కాబట్టి కిందికే వెళ్లండి. సరైన ఎక్స్‌పోజర్ ఎనిమిది సెకన్లు అనుకుంటే రెండోది రెండు సెకన్లు, మూడోది అర సెకను. అంటే సున్నా, మైనస్ రెండు, మైనస్ నాలుగు. ఆటో బ్రాకెటింగ్‌లో ప్లస్ రెండు, మైనస్ రెండు మాత్రమే ఉంటే మధ్య ఎక్స్‌పోజర్‌ని ముందే రెండు సెకన్లకు దించి పెట్టండి, అదే వరుస వస్తుంది. షట్టర్ మాత్రమే మారాలి. అపర్చర్ మారితే దీపాల కిరణాల ఆకారం మారుతుంది, ఐఎస్ఓ మారితే నాయిస్ మారుతుంది.

ఆ మూడు ఫ్రేముల్లో ఏముంటుందో దగ్గరగా చూపిస్తాను. చెరువు అవతల ఒక దుకాణం మీద ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. ఎనిమిది సెకన్ల ఫ్రేమ్‌లో అది ఒక తెల్లటి ముద్ద, అంచున మాత్రం ఎర్ర గీత. నీళ్లలో దాని నీడ మాత్రం చక్కగా ఎర్రగా ఉంది, ఎందుకంటే నీళ్లలో పడ్డ నీడ అసలు దీపం కంటే ఎప్పుడూ మసకే. రెండు సెకన్ల ఫ్రేమ్‌లో బోర్డు నారింజ రంగుకు వచ్చింది, అక్షరాలు ఉన్నాయని తెలుస్తోంది గానీ చదవలేం. అర సెకను ఫ్రేమ్‌లో మిగతా ఊరంతా దాదాపు నలుపు, కానీ బోర్డు అచ్చంగా ఎరుపు, అక్షరాలు చదవగలం, చివరి అక్షరం సగం వెలగడం లేదన్న సంగతి కూడా తెలుస్తోంది. కంటితో గట్టు మీద నిలబడి చూసినప్పుడు నాకు కనపడింది సరిగ్గా ఇదే. రంగనాథస్వామి గోపురం దగ్గరా ఇంతే. పొడుగు ఎక్స్‌పోజర్‌లో గోపురం ఒక పసుపు దిమ్మె, పొట్టి ఎక్స్‌పోజర్‌లో బొమ్మల చేతులు, ఆ చేతుల కింద నీడ, అన్నీ ఉంటాయి.

గట్టు మీద వాకింగ్‌కి వచ్చిన ఒక కుర్రాడు వెనక నిలబడి చూస్తూ, "ఏందన్నా, ఒకే ఫోటో మూడుసార్లు తీస్తన్నావు?" అన్నాడు. స్క్రీన్ మీద ఆ బోర్డునే పెద్దది చేసి మూడూ వరసగా చూపించాను. చూడగానే అర్థమైపోయింది అతనికి. ఇంత చెప్పే కంటే ఆ మూడు ఫ్రేములు చూస్తే చాలు, అందుకే మీరు కూడా తీసి చూడమంటున్నాను.

కలపడం

ఇంటికొచ్చాక డబ్బు పెట్టగలిగితే లైట్‌రూమ్, వద్దనుకుంటే డార్క్‌టేబుల్ ఉచితం. రెండిట్లోనూ మూడు రా ఫైళ్లు ఎంచుకుని, లైట్‌రూమ్‌లో ఫోటో మెర్జ్ కింద హెచ్‌డీఆర్, డార్క్‌టేబుల్‌లో క్రియేట్ హెచ్‌డీఆర్ నొక్కితే కలిసి ఒకే ఫైలు అవుతుంది. లైట్‌రూమ్‌లో ఆటో సెట్టింగ్స్ టిక్కు ఉంటుంది, దాన్ని తీసేయండి. ఆ టిక్కు ఉంటే సాఫ్ట్‌వేర్ షాడోలను పైకెత్తి, హైలైట్లను నొక్కేసి, రాత్రిని చదును చేసేస్తుంది. టిక్కు తీశాక షాడోలు సున్నాలోనే ఉంచి, హైలైట్లు మాత్రం మెల్లగా తగ్గించుకుంటూ రండి. బోర్డు అక్షరాలు కనపడగానే ఆపేయండి.

కలిపిన ఫోటోలో రెండు జబ్బులు వెతకాలి. మొదటిది గోపురం చుట్టూ, మేడల అంచు వెంట మసక వెలుగు వలయం. ఆకాశం గోపురానికి దూరంగా ముదురుగా ఉండి, దగ్గరకొచ్చేసరికి తేలికైతే అదే. క్లారిటీ, లోకల్ కాంట్రాస్ట్ ఎక్కువ తిప్పితే వస్తుంది. తగ్గించండి. రెండోది దెయ్యాలు, అంటే మూడు ఫ్రేముల్లోనూ కదిలిన వస్తువులు. మన ఊళ్లలో కొబ్బరి చెట్టు లేని ఫ్రేమ్ దొరకడం కష్టం. ఎనిమిది సెకన్లలో కొబ్బరాకు ఒక పొగలా పడుతుంది, అర సెకనులో విడివిడి ఆకులుగా పడుతుంది, రెండూ కలిస్తే ఆకుల మీద ఆకులు. లైట్‌రూమ్‌లోని డీఘోస్ట్ ఆప్షన్ కొంతవరకు సరిచేస్తుంది. గాలి బాగా ఉన్న రోజు అది కూడా చేతులెత్తేస్తుంది.

రోడ్డు ఫ్రేమ్‌లో ఉంటే అసలు మెర్జ్ జోలికి పోకండి. కారు హెడ్‌లైటు ఎనిమిది సెకన్లలో పొడుగాటి గీత గీస్తుంది, అర సెకనులో చిన్న ముక్క గీస్తుంది. కలిపితే గీత తెగిపోయి, అతుకులు పడి వస్తుంది. వాహనాల గీతలు కావాలంటే ఒక్క పొడుగు షాటే దిక్కు.

నేను ఈమధ్య ఎక్కువగా చేస్తున్నది మూడో దారి. ఎనిమిది సెకన్ల ఫ్రేమ్‌ని అడుగున పెట్టి, అర సెకను లేదా రెండు సెకన్ల ఫ్రేమ్‌ని దాని మీద లేయర్‌గా వేసి, నల్ల మాస్క్‌తో మొత్తం దాచేస్తాను. తర్వాత మెత్తటి తెల్ల బ్రష్‌తో బోర్డు మీద, గోపురం మీద మాత్రం రుద్దితే అక్కడ మాత్రం పొట్టి ఎక్స్‌పోజర్ పైకి వస్తుంది. ఫోటోషాప్‌లోనూ చేయొచ్చు, ఉచితంగా దొరికే గింప్‌లోనూ చేయొచ్చు. కొబ్బరాకు ఒకే ఫ్రేమ్‌లోంచి వస్తుంది, చీకటి చీకటిలాగే ఉంటుంది, వెలుగు మాత్రం బాగుపడుతుంది. బ్రష్ ఒపాసిటీ ముప్పై శాతం దగ్గర ఉంచి, రెండు మూడుసార్లు రుద్దండి. ఒకేసారి రుద్దితే అతికించినట్టు తెలుస్తుంది.

పక్కపక్కన పెట్టి చూడటం

ఇప్పుడు అసలు పోలిక. సింగిల్ రా షాట్‌ని కూడా అంతే శ్రద్ధగా దిద్దండి, హైలైట్లు తగ్గించి, షాడోలు కొంచెం ఎత్తి. రెండిటినీ ఒకే సైజులో, ఒకే వైట్ బ్యాలెన్స్‌తో స్క్రీన్ మీద పెట్టండి. స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించండి. ఫుల్ బ్రైట్‌నెస్‌లో చూస్తూ దిద్దిన రాత్రి ఫోటో ప్రింటులో ఎప్పుడూ నల్లగా దిగుతుంది. నూరు శాతం జూమ్ చేసి నాయిస్ వెతకడం తర్వాత. ముందు కుర్చీ వెనక్కి జరిపి, గది అవతలి నుంచి చూడండి. కన్ను మొదట ఎక్కడికి వెళ్తోంది? దీపాల దగ్గరికా, గడ్డి దగ్గరికా? గడ్డి దగ్గరికి వెళ్తే హెచ్‌డీఆర్ మోతాదు మించిపోయినట్టే. ఆ తర్వాత దగ్గరకొచ్చి మూడు చోట్ల చూడండి: బాగా వెలిగే బోర్డు, గోపురం అంచు, చెట్టు ఆకులు.

నా దగ్గర తేలింది ఇది. నీలి ఆకాశం ఉన్న ఆ పది నిమిషాల్లో చెరువు మీద తీసిన ఫోటోల్లో సింగిల్ షాటే నాకు నచ్చుతుంది, దాదాపు ప్రతిసారీ. నీళ్లు నున్నగా, దీపాల నీడలు నిలువు స్తంభాల్లా ఒకే తీరుగా వస్తాయి. ఒంగోలు కొండ మీద నుంచి కూడా అంతే, దీపాలన్నీ దూరంగా చిన్నగా ఉంటాయి కాబట్టి ఏదీ పెద్దగా మాడదు. కాళ్ల కింది బండలు నల్లగా ఉంటేనే కొండ మీద నిలబడ్డట్టు ఉంటుంది. గోపురం దగ్గర, ఫ్లడ్‌లైట్లు వేసి ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక మాత్రం ఒక్క షాట్ చాలదు. అక్కడ రెండు ఫ్రేములు కావాల్సిందే. ఉత్సవాల రోజుల్లో సీరియల్ లైట్లు కట్టినప్పుడు మరీనూ.

ఫోనుతో అయితే

ఫోన్ కెమెరా నైట్ మోడ్‌లో మీరు నొక్కేది ఒకసారే అయినా, అది లోపల చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. 2013లో గూగుల్ నెక్సస్ 5 ఫోన్లలో తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి చూడండి. పొట్టి ఎక్స్‌పోజర్లే వరసగా తీసి, వెలుగు మాడకుండా చూసుకుని, వాటిని కలిపి నాయిస్ తగ్గిస్తుంది. వెలుగును ముందు కాపాడు అన్న సూత్రమే అక్కడా.

కాబట్టి ఫోన్‌తో మామూలుగా తీస్తే సింగిల్ షాట్ అనేదే ఉండదు. పోలిక కావాలంటే ప్రో మోడ్‌లో రా ఆన్ చేసి, ఐఎస్ఓ 50 లేదా 100 పెట్టి, చిన్న ట్రైపాడ్ మీద నాలుగు సెకన్లతో ఒకటి తీయండి. పక్కనే నైట్ మోడ్‌లో ఒకటి. నైట్ మోడ్‌లో ఒక చిన్న పని చేస్తే ఫోటో ఎంతో మెరుగవుతుంది: స్క్రీన్ మీద బాగా వెలిగే చోట వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. ఆకాశం మళ్లీ రాత్రి అవుతుంది. స్నాప్‌సీడ్‌లో హెచ్‌డీఆర్ స్కేప్ అని ఒక ఫిల్టర్ ఉంది, అది ఒకే ఫోటో మీద కాంట్రాస్ట్ మార్చేదే తప్ప ఎక్స్‌పోజర్లు కలిపేది కాదు. ఇందులో దానికి చోటు లేదు.

మనుషులు ఉన్నప్పుడు

మొహర్రం నెలలో రొట్టెల పండుగకి బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే జనం మధ్య ఈ బ్రాకెటింగ్ ఏదీ పనిచేయదు. అక్కడ ట్రైపాడ్ వేస్తే నలుగురికి అడ్డం, మనుషులు మూడు ఫ్రేముల్లో మూడు చోట్ల ఉంటారు. ఒక్క షాటే. ఎఫ్ 2.8 గానీ మీ లెన్స్ ఎంత తెరిస్తే అంత గానీ, ఐఎస్ఓ 1600 నుంచి 3200, షట్టర్ సెకనులో 125వ వంతు. ముఖాలకు ఎక్స్‌పోజర్ పెట్టండి, వెనక దీపాలు మాడితే మాడనివ్వండి. రొట్టె ఇస్తున్న చేతులు, పుచ్చుకుంటున్న చేతులు ఫోకస్‌లో ఉండాలి. దగ్గరగా తీసేటప్పుడు కెమెరా ఎత్తే ముందు వాళ్ల కళ్లలోకి చూసి తల ఊపి అడగండి, ఒప్పుకున్నాకే నొక్కండి. రా ఫైలుకి కార్డులో చోటు ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని బయలుదేరండి, ఆ జనంలో పాతవి డిలీట్ చేస్తూ నిలబడటం కుదరదు.